ఎక్కించి వదిలేసిన తుపాకీ

జాన్‌కి కోపం తెప్పించడం అంత తేలికైన పని కాదు. వ్యాగన్ రిపేరు షాపులో ఇన్నేళ్ళ నుంచీ ఫిట్టరుగా చేస్తున్నా, పైవాళ్ళ మీద గానీ కిందివాళ్ళ మీద గానీ గొంతు పెంచిన పాపాన పోలేదు. చర్చిలో కానుకల సంచీ పట్టుకునే పెద్దమనిషి. రాయపూర్‌లో ఆ షాపు వాళ్ళుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో కుక్కలు కూడా ఆయన్ని చూసి మొరగవని భార్య రూతమ్మ వేళాకోళం చేసేది. అంతటి మనిషీ, స్ప్రింగు ఎక్కించి అలాగే వదిలేసిన గాలి తుపాకీ కంటపడిందంటే మాత్రం పూనకం వచ్చినట్టు ఊగిపోయేవాడు.

"స్ప్రింగు కూడా పనోడేరా! డ్యూటీ అయ్యాక ఛుట్టీ ఇవ్వాలా వద్దా? పొద్దత్తమానం నిలబెట్టేత్తే సచ్చిపోద్ది."

ఈ తిట్లు తిన్నది ఎక్కువగా కొడుకు ప్రేమ్. విన్నది ఎక్కువగా రూతమ్మ.

గాలి తుపాకీలో మందుండదు, మంటుండదు. గొట్టాన్ని పట్టుకుని కిందికి వంచితే లోపల జానెడు పొడుగు స్ప్రింగు నలిగి నలిగి ఒక కొక్కేనికి తగులుకుంటుంది. అదే ఎక్కించడం. ట్రిగ్గరు నొక్కితే స్ప్రింగు ఒక్కసారి ముందుకు దూకి గాలిని తోస్తుంది, ఆ గాలి గుండుని తోస్తుంది. అంటే తుపాకీలో ఉండే బలమంతా దాన్ని వంచినవాడి చేతి బలమే. వంచినవాడు ఎంత పెట్టాడో అంతే అందులో ఉంటుంది. పేల్చకుండా దించే పద్ధతి కూడా ఉంది. గొట్టాన్ని మళ్ళీ పూర్తిగా వంచి, గట్టిగా అదిమిపట్టి, ట్రిగ్గరు నొక్కి, మెల్లగా, మెల్లగా పైకి రానివ్వాలి. పట్టు తప్పిందా, వేళ్ళు నుజ్జే.

జాన్ ఇంట్లో ఉన్న తుపాకీ ఆయన తండ్రి నాటిది. ఆస్ట్రేలియా వెళ్ళిపోతున్న ఒక ఆంగ్లో ఇండియన్ రైల్వే గార్డు దగ్గర ఆ పెద్దాయన కొన్నాడు. జర్మనీ సరుకు. చెక్క భాగం చేతులు తగిలి తగిలి చింతగింజ రంగుకి తిరిగింది. దాన్ని విప్పి బిగించడంలోనే జాన్ గాలి తుపాకుల రిపేరు నేర్చుకున్నాడు. దసరా దగ్గర పడుతుందనగా కాలనీ మైదానంలో బెలూన్లు పేల్పించే కొట్లు పెట్టేవాళ్ళందరూ తమ తుపాకులు రిపేరుకి మోసుకొచ్చి ఈ వరండాలోనే పడేసేవారు.

ఇంగ్లీషు తుపాకీ అయినా జర్మనీ తుపాకీ అయినా విప్పడం ఒక్కడి పని కాదు. స్ప్రింగు దిగి ఉన్నప్పుడు కూడా లోపల ఇరుక్కునే ఉంటుంది. ఊరికే వెనక పిన్ను పీకితే స్ప్రింగు ఎగిరొచ్చి మొహం పగలగొడుతుంది. వరండా పైకప్పులో ఒక సొట్ట దానికి సాక్ష్యం. అందుకని జాన్ విరిగిన మంచం ఇనుముతో ఒక బిగింపు చేసుకున్నాడు. తుపాకీని అందులో పెట్టి ఆయన మర తిప్పుతూ స్ప్రింగుని లోపలికి అదుముతుంటే, ప్రేమ్ కనిపెట్టుకుని కూర్చుని, పిన్ను వదులైన క్షణాన లాగేసేవాడు. ఆ తర్వాత మరని వెనక్కి తిప్పుకుంటూ వస్తే స్ప్రింగు ఒళ్ళు విరుచుకుంటూ బయటికొచ్చేది. తండ్రీ కొడుకులకి ఆదివారం మధ్యాహ్నాలన్నీ ఇలాగే గడిచేవి. రూతమ్మ గడప మీద కూర్చుని గోంగూర ఒలుచుకుంటూ, తోలు వాషర్లు నానబెట్టిన ఆముదం కంపుకి ఇద్దర్నీ తిట్టుకుంటూ, చూస్తూ ఉండేది. ఎవరూ నేర్పకుండానే ఆవిడకి సగం పని వచ్చేసింది. ఆ సంగతి మగవాళ్ళిద్దరికీ తట్టలేదు.

ప్రేమ్ ఊరి చివర భన్‌పురిలో ఒక చిన్న ఫ్యాక్టరీలో షిఫ్టు ఇన్‌చార్జి. ఆ ఏడు దసరాకి ముందు ఒక సాయంత్రం, ఖాళీ అగ్గిపెట్టెలు గోడ మీద నిలబెట్టి తాతగారి తుపాకీ ఎక్కించాడు. గుండు ఇంకా పెట్టనే లేదు, ఫోను మోగింది. ఫ్యాక్టరీలో ఏదో మోటారు ఆగిపోయిందట. తుపాకీని బీరువా పక్కన ఆనించి బండి తాళం తీసుకున్నాడు.

లోపల్నుంచి జాన్ ఆ 'టక్' చప్పుడు విన్నాడు. ఎక్కిన చప్పుడే గానీ పేలిన చప్పుడు రాలేదు.

"ప్రేమూ! ఎక్కించి వదిలేసి పోతన్నావేంట్రా?"

"అరే, ఇప్పుడే వచ్చేత్తాను నాన్నా. వచ్చి పేలుత్తాగా!"

రింగు రోడ్డు మలుపులో లారీ వెనక్కి వస్తోంది. ప్రేమ్ రాలేదు.

సమాధి చేసి, బంధువులంతా నర్సాపురం వైపు తిరిగి వెళ్ళిపోయి, ఇంట్లో ఇద్దరే మిగిలాక, జాన్ కంట ఆ తుపాకీ పడింది. అలవాటు కొద్దీ తీసుకుని దించబోయాడు. గొట్టం రెండు వేళ్ళతో వంచితే తేలిగ్గా వంగింది. స్ప్రింగు దిగి ఉంటే గొట్టం ఎదురు తిరుగుతుంది, ఎక్కి ఉంటే ఇలా తలుపు రెక్కలా వంగుతుంది. ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఈ స్ప్రింగుని ఇంత వెనక్కి తోసిపెట్టింది వాడు. వాడి భుజం, వాడి మోచెయ్యి, వాడి మణికట్టు. పెట్టెలో పెట్టి మట్టిలో దించిన చెయ్యి పెట్టిన బలం ఇంకా ఇక్కడ, ఈ గొట్టం వెనక, అలాగే నిలబడి ఉంది. దీన్ని దించితే ఇక ఏం మిగులుతుంది?

పాత దుప్పట్లో చుట్టి మంచం కింద ట్రంకు పెట్టెలో పెట్టాడు.

"వాడి చేతి బలం ఇందులో ఉంది, రూతమ్మా. నేను దించను. నువ్వు ముట్టుకోకు," అన్నాడు.

"మరి స్ప్రింగు సచ్చిపోదాండీ?" అని రూతమ్మ అడిగింది.

ఆ ప్రశ్నకి జాన్ జవాబు చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేదేమో. కానీ కొడుకుని పోగొట్టుకున్నవాణ్ణి స్ప్రింగుల గురించి నిలదీసేదెవరు? చచ్చిపోతుందని ఆయనకి తెలుసు. రోజురోజుకీ కాస్త కాస్త మెత్తబడి, ఏళ్ళు గడిచేసరికి ఎందుకూ పనికిరాకుండా పోతుందని ఆయన కన్నా బాగా రాయపూర్‌లో ఇంకెవరికీ తెలియదు. తెలిసీ ఆ వైపు మనసు పోనివ్వలేదు, అంతే.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే, చొక్కా అయినా మార్చకుండా, ట్రంకు పెట్టె లాగి, దుప్పటి విప్పి, రెండు వేళ్ళతో గొట్టం వంచి చూసేవాడు. తేలిగ్గా వంగేది. 'ఉన్నాడు' అన్నట్టు తల ఊపుకుని మళ్ళీ చుట్టిపెట్టేవాడు. ఆ తర్వాతే అన్నానికి కూర్చునేవాడు.

రూతమ్మ మాత్రం చర్చికి రావడం మానేసింది. మోకాళ్ళ నొప్పులంది. ఎవరూ నమ్మలేదు. దేవుడి మీద అలిగిందని సంఘమంతా అనుకుంది, జాన్ కూడా అలాగే అనుకున్నాడు. ఒక ఆదివారం చర్చిలో పాటలు సాగుతుండగానే పాస్టరు అయ్యగారు తానే ఇంటికి వెళ్ళి ఆవిడ కోసం సుదీర్ఘంగా ప్రార్థన చేసి వచ్చారు. "సోదరి మనసు కుదురుగా లేదు జాన్‌గారూ, ప్రార్థనలో కూడా తలుపు వైపే చూస్తున్నారు," అని తర్వాత బాధపడ్డారు. చర్చి మానేసిన కొత్తలోనే ఆవిడ కుడి చేతి చూపుడువేలి గోరు నల్లబడి ఊడిపోయింది. రోకలి పడిందంది. ఆ తర్వాత భుజం నొప్పి పట్టుకుంది. రైల్వే ఆసుపత్రిలో మాత్రలిచ్చారు, బరువులు ఎత్తొద్దన్నారు. "నువ్వేం బరువులెత్తుతున్నావే?" అని జాన్ ఆశ్చర్యపోయాడు. ఆవిడ బిందె వైపు చూపించింది.

మూడేళ్ళు ఇలా నడిచింది.

మళ్ళీ దసరా దగ్గర పడిన ఆదివారం. జాన్ చర్చి నుంచి వచ్చేసరికి రూతమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. తలనొప్పేమో అనుకుని కదిలించలేదు. మెల్లగా ట్రంకు పెట్టె లాగాడు. దుప్పటి విప్పాడు. రెండు వేళ్ళతో గొట్టం వంచాడు.

వంగలేదు.

ఇంకాస్త బలంగా నొక్కాడు. లోపల స్ప్రింగు ఎదురు తిరిగింది.  తుపాకీ ఖాళీగా ఉంది.

"రూతమ్మా! ఎవరు దించారు దీన్ని? ఎవరొచ్చారు ఇంటికి?"

"ఎవరూ రాలేదండీ." ఆవిడ ఇటు తిరగలేదు. "నేనే."

"నువ్వా?"

"మళ్ళీ ఎక్కిద్దామనే అనుకున్నాను. సగం వంచేసరికి బుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవట్లేదు. రెండు మూడు సార్లు చూశాను. బస్, నా వల్ల కాలేదు."

"మళ్ళీ ఎక్కించడమేంటి?" జాన్‌కి ఏమీ అర్థం కాలేదు. "మళ్ళీ అంటే ఏంటి?"

రూతమ్మ ఎడం చెయ్యి ఆనించుకుని లేచి కూర్చుంది. కుడి చెయ్యి ఒళ్ళో వేలాడేసినట్టు ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది.

"ప్రతి ఆదివారం దించుతున్నానండీ. మీరు చర్చికెళ్ళగానే దించేసి, మీరొచ్చే టయానికి ఎక్కించేసేదాన్ని. మీరే కదా అనేవోరు, స్ప్రింగుకి ఛుట్టీ ఇవ్వకపోతే సచ్చిపోద్దని. ముప్పై ఏళ్ళు చెవిలో పోరారు. బాబు ఎక్కించింది సచ్చిపోతాదేమోనని బయమేసింది. అడిగితే మీరు మాట్లాడలేదు. అందుకని..." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "కాసేపు పడుకోబెట్టి మళ్ళీ లేపుతున్నాననుకున్నాను. చిన్నప్పుడు స్కూలు నుంచి రాగానే పడుకోబెట్టి, ట్యూషన్ టయానికి లేపేదాన్ని కాదూ, అలాగ."

గోరు, భుజం, మోకాళ్ళ నెపం, తలుపు వైపు చూపులు. జాన్‌కి అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. అయితే అర్థం కావడానికి ముందే కోపం వచ్చేసింది. జీవితంలో భార్య మీద అరవని మనిషి, వీధిలోకి వినపడేలా అరిచాడు.

"పిచ్చిదానా! మొదటిసారి దించిన్రోజే పోయింది వాడి బలం! ఆ ఆదివారమే పోయింది! ఆ తరవాత ఎక్కించిందంతా నువ్వు! వాడెక్కడున్నాడు ఇందులో? మూడేళ్ళ నుంచీ నేను చూసుకుంటంది ఎవర్ని?"

రూతమ్మ ఆయన మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. ఆ సంగతి ఆవిడకి అప్పటిదాకా తట్టలేదు. స్ప్రింగు అంటే ప్రేమ్ అనుకుంది గానీ, దించినప్పుడు పోయేదీ ఎక్కించినప్పుడు వచ్చేదీ వేరు వేరని అనుకోలేదు.   కొడుకు చావు కబురు విన్న రోజున కూడా ఆ మొహం అలా లేదు. జాన్ ఆ మొహం చూడలేక చెప్పులేసుకుని బయటికి నడిచాడు.

మైదానంలో రావణాసురుడి బొమ్మకి వెదుళ్ళు కడుతున్నారు. కొట్లకి గుంజలు పాతుతున్నారు. జాన్ ఎటు పోతున్నాడో చూసుకోకుండా నడుస్తుంటే బెలూన్ల కొట్టు బుధారూ ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. ఊళ్ళో జాతరలన్నీ తిరిగే మనిషి, ఏటా వచ్చేవాడే.

"మిస్త్రీజీ, భగవాన్ పంపినట్టు దొరికారు. దీన్ని చూడండి. ఇస్‌మే దమ్ హీ నహీ బచా, దమ్మే మిగల్లేదు," అని ఒక తుపాకీ చేతిలో పెట్టాడు.

అది ఎక్కించే ఉంది. పోయిన జాతరలో ఎవరో ఎక్కించి వదిలేస్తే, సామాను మూటలో అలాగే ఏడాదిగా పడి ఉందట. ఇంకో రోజైతే జాన్ బుధారూని కడిగి పారేసేవాడే. ఇవాళ తుపాకీని అటూ ఇటూ తిప్పి చూశాడు. నేల వైపు గురిపెట్టి ట్రిగ్గరు నొక్కాడు. తుస్సుమంది. ముసలివాడి దగ్గంత చప్పుడైనా రాలేదు. బుధారూ నవ్వబోయి, మిస్త్రీ మొహం చూసి ఆగిపోయాడు.

జాన్ ఆ తుపాకీని చాలాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. ఏడాదికే ఇలా అయితే, మూడేళ్ళకి? తన ట్రంకు పెట్టెలో తను అంత భద్రంగా దాచుకున్నదేమిటి? రూతమ్మ ముట్టుకోకపోయి ఉంటే ఈపాటికి ఇదే తుస్సు. రెండు వేళ్ళతో గొట్టం వంచి చూసినప్పుడల్లా అది తేలిగ్గానే వంగేది, లోపల స్ప్రింగు చచ్చి పడి ఉన్నా కూడా తేలిగ్గానే వంగేది. ఆ పరీక్షతో అది ఎక్కి ఉందని తెలుస్తుంది గానీ, బతికి ఉందని తెలియదు. ముప్ఫై ఏళ్ళు లోకానికంతా పాఠం చెప్పి, తన ఇంట్లో మాత్రం కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఆ పాఠం విని కష్టపడింది ఆవిడొక్కతే.

ఇంటికొచ్చేసరికి రూతమ్మ అన్నం గిన్నె దించడానికి ఒంటిచేత్తో అవస్థ పడుతోంది. జాన్ గిన్నె అందుకుని దించాడు. ఆవిడ పక్కకి జరిగింది. ఆయనకి క్షమాపణ చెప్పే అలవాటు లేదు. వరండాలో బిగింపు తెచ్చి పెట్టాడు. దుమ్ము దులిపాడు. చెక్క విప్పి, తుపాకీని బిగింపులో పెట్టాడు.

"రా. పిన్ను లాగాలి," అన్నాడు.

పిన్ను లాగే పీట మీద మూడేళ్ళ నుంచీ ఎవరూ కూర్చోలేదు. రూతమ్మ దాని మీద కూర్చుని, ఎడం చేతిలోకి పట్టకారు తీసుకుంది. జాన్ మర తిప్పాడు. పిన్ను ఎప్పుడు వదులవుతుందో ఆయన చెప్పక్కర్లేకపోయింది. ఆవిడ సరిగ్గా సమయానికి లాగేసింది. మర వెనక్కి తిప్పగా తిప్పగా స్ప్రింగు జిడ్డుగా, నల్లగా బయటికొచ్చింది.

జాన్ లోపలికి వెళ్ళి, ప్రేమ్ ఎక్కడెక్కడో వెతికి తెప్పించిన కొత్త స్ప్రింగు తెచ్చాడు. 'బాగున్నదాన్ని మార్చడమెందుకురా' అని అప్పట్లో కాగితం కూడా విప్పని స్ప్రింగు అది. రెండిటినీ నేల మీద పక్కపక్కన నిలబెట్టాడు. పాతది అగ్గిపుల్ల మందమంత పొట్టిగా ఉంది. అంతకు మించి తేడా లేదు. నిటారుగా నిలబడింది.

"చూడు," అన్నాడు. "నువ్వు దించకపోయుంటే ఇది ఇంత ఉండేది కాదు. బెత్తెడు కుంగిపోయేది."

రూతమ్మ రెండిటినీ చూసింది. "మరి నేను దించకపోయుంటే... బాబుది ఉండేదాండీ?"

అబద్ధం చెప్పొచ్చు. 'ఉండేది' అంటే ఆవిడ బతికినన్నాళ్ళూ కుళ్ళి కుళ్ళి ఏడుస్తుంది. నిజం చెబితే తన మూడేళ్ళు తన చేతులారా నేల మీద పోసినట్టే. జాన్ నిజమే చెప్పాడు.

"ఉండేది కాదు. కొంచెం కొంచెంగా పోయేది. నాకు తెలుసు. తెలిసే దాచాను."

"మీరు కొంచెం కొంచెంగా పోనిద్దామనుకున్నారు. నేను ఒక్కసారే తీసేశాను."

"ఊఁ."

"ఆ మొదటిసారి గొట్టం ఎంత బలంగా తోసిందో తెలుసా? చెయ్యి విడిపించుకుని పారిపోతన్నట్టు. దడుచుకుని వదిలేశాను. గోరు అప్పుడే పోయింది." ఆవిడ ఆ వేలినే చూసుకుంది. గోరు మళ్ళీ వచ్చింది గానీ, వంకరగా వచ్చింది. "ఆ దెబ్బ వాడిదేనన్నమాట. నాకే తగిలింది."

అప్పుడు జాన్ ఏడ్చాడు. సమాధి దగ్గర నిలబడి పాట పాడిన మనిషి, అందరికీ ధైర్యం చెప్పిన మనిషి, జిడ్డు చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని వరండాలో కూర్చుని చంటిపిల్లాడిలా ఏడ్చాడు. ప్రేమ్ ఆఖరి బలం మూడేళ్ళ కిందటే ఒక ఆదివారం పొద్దున వాళ్ళమ్మ వేలి మీద ఖర్చయిపోయింది. ఆ సమయంలో తను చర్చిలో సంచీ పట్టుకుని వరసల మధ్య తిరుగుతున్నాడు.

రూతమ్మ ఆయన వీపుని ఎడం చేత్తో నిమిరింది.

"అందరం నీకు దేవుడి మీద కోపమనుకున్నాం," అన్నాడాయన కాసేపటికి, ముక్కు ఎగబీలుస్తూ.

"అదీ ఉందండీ," అంది రూతమ్మ.

పొద్దు వాలేలోగా తుపాకీని శుభ్రంగా తుడిచారు. తోలు వాషరుకి ఆముదం రాశారు. కొత్త స్ప్రింగు మళ్ళీ కాగితంలోకి వెళ్ళింది, పాతదే లోపలికి వెళ్ళింది. జాన్ మర తిప్పుతుంటే రూతమ్మ పిన్ను తోసింది. చెక్క బిగించాక ఆయన తుపాకీని మోకాళ్ళ మీద పెట్టుకుని గొట్టం మీద చెయ్యి వేశాడు. ఇప్పుడు ఎక్కిస్తే అందులో ఉండేది తన బలమే. అయినా సరే, ఖాళీగా పెట్టెలో పెట్టడానికి ఆయనకి చేతులు రాలేదు.

"ఎక్కించమంటావా?" అని అడిగాడు.

రూతమ్మ తుపాకీ వైపు చూసింది. దుప్పటి తెచ్చి, ఒంటిచేత్తోనే దాన్ని పరిచింది. ఆయన చేతిలోంచి తుపాకీ తీసుకుని అందులో పడుకోబెట్టి, అంచులు రెండు వైపులా కప్పింది.

"వద్దండీ," అంది. "ఇంక లేపొద్దు."

జాన్ ట్రంకు పెట్టె తెరిచి పట్టుకున్నాడు.